ఒకే ధాన్యపు రాశి, మూడు అనుకరణ పద్ధతులు: నమూనా ఎంపికపై ఒక అభిప్రాయం

పంట నమూనాలు మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు కొత్తవి కావు. డిఎస్‌ఎస్‌ఎటి, ఆప్సిమ్ వంటి నమూనాల సాయంతో విత్తే తేదీ, నత్రజని మోతాదు, తడుల సంఖ్య మారితే దిగుబడి ఎలా మారుతుందో అంచనా వేయడం శస్యశాస్త్ర విభాగాలలో స్థిరపడిన పని. అయితే ఈ నమూనాలు ప్రధానంగా చేను గట్టు వరకే వస్తాయి. కోత పూర్తయి ధాన్యం ట్రాక్టరుకు ఎక్కిన క్షణం నుంచి రైతు రాబడి మరొక వ్యవస్థ చేతిలోకి వెళుతుంది. కొనుగోలు కేంద్రం, కాంటా, హమాలీలు, గోనె సంచులు, లారీ, మిల్లు, గిడ్డంగి కలిసి ఒక పారిశ్రామిక వ్యవస్థగా పనిచేస్తాయి. ఆరు నెలల శ్రమతో పెంచిన దిగుబడి విలువ ఆ వ్యవస్థలో ఆరు రోజుల ఆలస్యంతో, ఒక్క వానతో పడిపోవచ్చు. కాబట్టి ఆ వ్యవస్థ నడకను అధ్యయనం చేయడం వ్యవసాయ శాస్త్రజ్ఞునికి పరాయి పని కాదు.

ఈ దిశలో మన విద్యార్థులు ఆసక్తి చూపడం సంతోషించదగిన విషయం. సరఫరా గొలుసు, మార్కెట్ యార్డు, చక్కెర కర్మాగారం వంటి అంశాలపై కంప్యూటర్ అనుకరణ చేస్తామని ప్రతిపాదనలు వస్తున్నాయి. కాని వాటిలో ‘పరిశోధనా పద్ధతి’ అనే భాగాన్ని తెరిస్తే మొదట కనిపించేది సాఫ్ట్‌వేర్ పేరు. అడిగిన ప్రశ్న ఏమిటన్నది ఆ తరువాత వస్తుంది, కొన్నిసార్లు స్పష్టంగా రానే రాదు. అనుకరణ పద్ధతి ఎంపిక సౌలభ్యానికి సంబంధించిన చిన్న విషయం కాదనీ, పద్ధతి మారితే సమస్యకు కారణం మారుతుందనీ, కారణం మారితే సిఫారసు మారి ప్రజాధనం వేరొకచోట ఖర్చవుతుందనీ ఈ వ్యాసకర్త అభిప్రాయం. అందరికీ తెలిసిన ధాన్యం కొనుగోలు కేంద్రాన్నే ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

మూడు పద్ధతుల పుట్టుక

వ్యాపార, పారిశ్రామిక వ్యవస్థల అధ్యయనంలో నేడు ప్రధానంగా మూడు అనుకరణ పద్ధతులు వాడుకలో ఉన్నాయి. డిస్క్రీట్ ఈవెంట్ సిమ్యులేషన్ అనేదానిని ఈ వ్యాసంలో ‘ఘటనానుక్రమ పద్ధతి’ అనీ, సిస్టమ్ డైనమిక్స్‌ను ‘వ్యవస్థా గతి పద్ధతి’ అనీ, ఏజెంట్ బేస్డ్ మోడలింగ్‌ను ‘కర్తల ఆధారిత పద్ధతి’ అనీ వ్యవహరిద్దాం. ఈ మూడూ మూడు వేర్వేరు చిక్కుల నుంచి పుట్టాయి. ఆ పుట్టుక తెలిస్తే వాటి స్వభావం సగం అర్థమవుతుంది.

ఘటనానుక్రమ పద్ధతికి మూలం వరుసల గణితం. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో ఫోన్ పిలుపుల రాకపై ప్రచురించిన వ్యాసం ఆ గణితానికి ఆరంభం. 1950ల చివరి భాగంలో ఇంగ్లండులోని యునైటెడ్ స్టీల్ కంపెనీలలో కె.డి. టోచర్ ఉక్కు కర్మాగారాల పనితీరును కంప్యూటర్‌పై అనుకరించే ప్రోగ్రామును రూపొందించాడు. 1961లో ఐబిఎం సంస్థకు చెందిన జెఫ్రీ గోర్డన్ జిపిఎస్‌ఎస్ అనే భాషను వెలువరించాడు. ఈ పద్ధతిలో కాలం గడియారంలా సమానంగా నడవదు. ఒక ఘటన నుంచి తరువాతి ఘటనకు దూకుతుంది. ట్రాక్టరు వచ్చింది, తేమ పరీక్ష మొదలైంది, కాంటా ముగిసింది, లారీ కదిలింది అనేవి ఘటనలు. మధ్యలో ఏమీ జరగని సమయాన్ని కంప్యూటర్ లెక్కించదు.

వ్యవస్థా గతి పద్ధతిని రూపొందించినవాడు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన జే ఫారెస్టర్. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు కెంటకీలో ఉన్న గృహోపకరణాల కర్మాగారాలలో కొన్నేళ్లు షిఫ్టుల మీద షిఫ్టులు పని నడవడం, మరి కొన్నేళ్లకు సగం మందిని తొలగించవలసి రావడం ఆ సంస్థ అధికారులకు అంతుపట్టలేదు. కారణం బయటి మార్కెట్ ఒడిదుడుకులేనని వారు భావించారు. నియామకాలు, నిల్వలపై వారు తీసుకునే నిర్ణయాల తీరును ఫారెస్టర్ అడిగి తెలుసుకొని, కాగితం పైనే వారం వారం లెక్క కట్టి చూశాడు. వచ్చే ఆర్డర్లు స్థిరంగా ఉన్నా సరే, ఆ నిర్ణయాల తీరే ఒడిదుడుకులను పుట్టించగలదని తేలింది. 1961లో వెలువడిన అతని ‘ఇండస్ట్రియల్ డైనమిక్స్’ గ్రంథం ఈ పద్ధతికి పునాది. నిల్వలు, ప్రవాహాలు, వాటి మధ్య ప్రతిస్పందన వలయాలు, ఆలస్యాలు దీనికి ప్రాణం.

శస్యశాస్త్ర విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో డి విట్ బృందం అభివృద్ధి చేసిన పంట నమూనాల పటాలలో నిల్వకు దీర్ఘచతురస్రం, వేగానికి కవాటం గుర్తులు ఉంటాయి. అవి ఫారెస్టర్ గుర్తులే. ఆకుల బరువు, నేలలోని తేమ నిల్వలు కాగా కిరణజన్య సంయోగక్రియ, బాష్పోత్సేకం ప్రవాహాలు. అంటే మనం పొలంలో ఇప్పటికే వాడుతున్నది కర్మాగారం నుంచి వచ్చిన చూపే.

కర్తల ఆధారిత పద్ధతి సామాజిక శాస్త్రాల నుంచి వచ్చింది. ప్రతి వ్యక్తికీ ఒక చిన్న నియమం ఇచ్చి, వారందరినీ ఒకచోట వదిలితే మొత్తం సమాజంలో ఏ రూపం ఏర్పడుతుందన్నది ఇక్కడి ప్రశ్న. పొరుగువారిలో తనవంటివారు కొద్దిమంది ఉంటే చాలుననుకునే సాధారణ కోరిక నుంచే నగరంలో తీవ్రమైన వేర్పాటు పుట్టగలదని థామస్ షెల్లింగ్ 1971లో ప్రచురించిన వ్యాసంలో చూపాడు. వ్యక్తిగత కంప్యూటర్లు శక్తిమంతమైన తరువాత ఈ పద్ధతి విస్తరించింది. 1999లో యూరి విలెన్‌స్కీ వెలువరించిన నెట్‌లోగో దీనిని విద్యార్థుల చేతికి తెచ్చింది.

మొదటి చూపు: వరుస

ఇప్పుడు కొనుగోలు కేంద్రం వద్దకు వద్దాం. లెక్క సులభంగా ఉండేందుకు కొన్ని అంకెలను ఊహిద్దాం. కేంద్రం రోజుకు 10 గంటలు పనిచేస్తుంది. ఒక్కొక్క లోడుకు తేమ పరీక్ష, కాంటా, నమోదు కలిపి సగటున 30 నిమిషాలు పడుతుంది. అంటే కేంద్రం సామర్థ్యం రోజుకు 20 లోడ్లు. సగటున రోజుకు 19 లోడ్లు వస్తున్నాయి. సగటులతో లెక్క వేసే అధికారికి సామర్థ్యం రాక కన్నా ఎక్కువే కనుక ఇబ్బంది ఏమీ కనిపించదు.

వరుసల గణితం మరొక మాట చెబుతుంది. రాకలు, సేవా సమయాలు రెండూ యాదృచ్ఛికంగా మారుతున్నప్పుడు వర్తించే ప్రాథమిక సూత్రం ప్రకారం రోజుకు 16 లోడ్లు వస్తే ఒక్కొక్క రైతు తన వంతు కోసం సగటున 2 పని గంటలు నిరీక్షించాలి. 18 లోడ్లు వస్తే నాలుగున్నర గంటలు. 19 లోడ్లు వస్తే తొమ్మిదిన్నర గంటలు, అంటే దాదాపు ఒక పూర్తి పనిదినం. రాక 16 నుంచి 19కి పెరిగినప్పుడు పెరుగుదల ఐదో వంతుకు లోపే. నిరీక్షణ మాత్రం ఐదు రెట్లకు చేరువైంది. ఆవరణలో వంతు కోసం నిలిచే లోడ్లు సగటున 3 నుంచి 18కి పెరిగాయి. ప్రతి లోడుకూ కచ్చితంగా 30 నిమిషాలే పట్టేలా సేవను క్రమబద్ధం చేయగలిగితే, అదనపు కాంటా ఒక్కటీ లేకుండానే, ఈ నిరీక్షణ సగానికి తగ్గుతుంది.

ఈ సూత్రం దీర్ఘకాలపు సగటుకు మాత్రమే చెల్లుతుంది. నిజమైన కేంద్రంలో ఉదయం రద్దీ ఉంటుంది, మధ్యాహ్నం హమాలీల భోజన విరామం ఉంటుంది, 17 శాతం తేమ పరిమితి దాటిన ధాన్యం మళ్లీ ఆరబోతకు పోయి తిరిగి వరుసలోకి వస్తుంది. ఇన్ని చిక్కులు కలిసినప్పుడు సూత్రం చాలదు, ఘటనానుక్రమ అనుకరణ కావాలి. రెండో కాంటా పెట్టాలా, తేమ పరీక్షను కాంటా నుంచి వేరు చేయాలా, టోకెన్లు గంటల వారీగా ఇవ్వాలా అనే ప్రశ్నలకు ఈ పద్ధతి ఇచ్చేంత స్పష్టమైన జవాబు మిగిలిన రెండూ ఇవ్వలేవు. చెరకు బండ్లు కర్మాగారం ఆవరణలో ఎంతసేపు నిలుస్తాయన్న ప్రశ్న కూడా ఇదే కోవకు చెందినది. నరికిన చెరకు ఎండేకొద్దీ చక్కెర రికవరీ పడిపోతుంది కనుక అక్కడ గంటలకు నేరుగా ధర ఉంది.

రెండో చూపు: నిల్వ

మొదటి నమూనా సలహాపై రెండో కాంటా పెట్టారనుకుందాం. వారం రోజులు వరుస తగ్గింది. తరువాత కాంటా అయిన బస్తాలు కేంద్రంలోనే పేరుకుపోవడం మొదలైంది. లారీలు రావడం లేదు. లారీలు ఎందుకు రావడం లేదంటే మిల్లు వద్ద దించుకోవడం లేదు. మిల్లు ఎందుకు దించుకోవడం లేదంటే స్థలం లేదు. స్థలం ఎందుకు లేదంటే ఆడించిన బియ్యం గిడ్డంగికి పోవడం లేదు. ఇక్కడ వరుస ఒక లక్షణం మాత్రమే. రోగం నాలుగు అంచెల అవతల ఉంది.

దీనికీ చిన్న లెక్క చాలు. ఒక మిల్లుకు రోజుకు 160 టన్నుల ధాన్యం వస్తోంది, రోజుకు 100 టన్నులు ఆడిస్తోంది, నిల్వ సామర్థ్యం 1,800 టన్నులు అనుకుందాం. రోజుకు 60 టన్నుల చొప్పున మిగులుతూ 30 రోజులలో మిల్లు నిండుతుంది. మొదటి 30 రోజులు వ్యవస్థ చక్కగా ఉన్నట్టే కనిపిస్తుంది. 31వ రోజు నుంచి మిల్లు 100 టన్నులకు మించి తీసుకోలేదు. అప్పుడు కేంద్రంలో ఎన్ని కాంటాలు ఉన్నా రోజుకు 60 టన్నులు ఆరుబయటే మిగులుతాయి. పచ్చి బియ్యానికి 67 శాతం రాబడి ప్రకారం 100 టన్నుల ధాన్యానికి 67 టన్నుల బియ్యం రావాలి. గిడ్డంగి రోజుకు 53.6 టన్నుల బియ్యం మాత్రమే తీసుకుంటే, అది 80 టన్నుల ధాన్యానికే సరి. బియ్యం దాచే చోటు నిండిన నాడు మిల్లు ఆడించే వేగం కూడా 80 టన్నులకు దిగివస్తుంది. అప్పుడు కేంద్రం వద్ద రోజువారీ మిగులు 80 టన్నులకు పెరుగుతుంది.

వ్యవస్థా గతి పద్ధతి చూసేది ఈ పేరుకుపోవడాన్ని. ఏ లోడు ఏ రైతుదన్నది దానికి పట్టదు. ఎంత నిల్వ ఉంది, ఎంత వేగంతో వస్తోంది, ఎంత వేగంతో పోతోంది, సమాచారం అందడానికి ఎంత ఆలస్యం అవుతోంది అనేవే దాని ప్రశ్నలు. సమస్య బయటపడిన చోటుకూ, సమస్య పుట్టిన చోటుకూ మధ్య ఉన్న దూరాన్ని చూపడంలో దీనికి సాటి లేదు. మిగులు కనిపించిన రోజు గిడ్డంగి వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోతుందని, మొదటి పది రోజుల మిగులు చూసే నిర్ణయం తీసుకోవాలని ఈ నమూనా చెప్పగలదు.

ధరల చక్రాలకూ ఇదే చూపు సరిపోతుంది. అధిక ధర చూసి తరువాతి ఏడాది విస్తీర్ణం పెంచడం, పంట ఒకేసారి మార్కెట్‌కు చేరి ధర పడిపోవడం, మరుసటి ఏడాది విస్తీర్ణం తగ్గడం మిరప రైతులకు అనుభవైకవేద్యం. ఈ చక్రాన్ని మోర్డెకాయ్ ఎజికియెల్ 1938లోనే సాలెగూడు సిద్ధాంతంగా వివరించాడు. డెన్నిస్ మెడోస్ 1970లో వెలువరించిన గ్రంథంలో సరుకుల ఉత్పత్తి చక్రాలను, ముఖ్యంగా పందుల పెంపకంలోని చక్రాన్ని, ఫారెస్టర్ పద్ధతిలో నమూనాగా మలిచాడు. శీతల గిడ్డంగులలో గత ఏడాది సరుకు కూడా ఉండే మిరప వంటి పంటకు నిల్వను లెక్కించని ధర నమూనా అసంపూర్ణమని చెప్పక తప్పదు.

మూడో చూపు: నిర్ణయం

కాంటాలు చాలినన్ని ఉన్నాయి, గిడ్డంగి ఖాళీగా ఉంది అనుకుందాం. అయినా ఒక్క వారంలో ఊరంతటి ధాన్యం కేంద్రం మీద పడవచ్చు. వరికోత యంత్రం ఊరికి వచ్చినప్పుడే అందరూ కోయించుకోవాలి. పొరుగు రైతు కోస్తే తానూ కోయాలనిపిస్తుంది. అల్పపీడనం వార్త వినగానే పచ్చి మీదే కోత మొదలవుతుంది. ఎప్పుడు కోయాలన్న నిర్ణయం రైతు ఒక్కడిదే అయినా అది పదిమందిని చూసి తీసుకునే నిర్ణయం.

ఇటువంటి నిర్ణయాలలో సగటు ఎంత మోసగిస్తుందో సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1978లో ఒక చక్కని ఉదాహరణతో చూపాడు. దానిని మన సందర్భానికి మార్చుకుందాం. ఊరిలో 100 మంది రైతులు. ఒకరు ఎవరినీ చూడకుండా కోత మొదలుపెడతారు. మరొకరు ఒక్కరు కోస్తే కోస్తారు. ఇంకొకరు ఇద్దరు కోస్తే కోస్తారు. ఇలా చివరి రైతు 99 మంది కోసిన తరువాతే కోస్తారు. మొదటి రైతు కొడవలి పట్టగానే గొలుసు కదిలి నూరుగురూ కోసేస్తారు. ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చేద్దాం. ఒక్కరిని చూసి కోసే రైతు ఇద్దరిని చూస్తే తప్ప కోయనన్నాడు. గొలుసు అక్కడే తెగింది, ఊరిలో కోత ఒక్కరి దగ్గరే ఆగింది. రెండు ఊళ్ల సగటు 49.5, 49.51. సర్వేలో ఈ రెండు ఊళ్లూ ఒకటే. పొలంలో ఒకటి పూర్తిగా కోతకు వచ్చింది, మరొకటి కదలలేదు.

కర్తల ఆధారిత పద్ధతి విలువ ఇక్కడ ఉంది. మనుషులు ఒకరికొకరు భిన్నంగా ఉండి, ఒకరిని చూసి ఒకరు నిర్ణయించుకునేటప్పుడు సగటు రైతు అనే ఊహ పనికిరాదు. విస్తరణ శాస్త్రవేత్తలకు ఇది సుపరిచితమైన నేల. అయోవాలో సంకర మొక్కజొన్న విత్తనం ఎలా వ్యాపించిందో ర్యాన్, గ్రాస్ 1943లో ప్రచురించిన అధ్యయనం నుంచి 1962 నాటి రోజర్స్ గ్రంథం వరకు వారు చదివినది ఇదే విషయం. కేంద్రం రద్దీని తగ్గించేందుకు టోకెన్ తేదీని కోతకు ముందే ప్రకటిస్తే రైతులు ఆగుతారా, తొందరపడతారా, ప్రైవేటు వ్యాపారికి అమ్ముకుంటారా అన్న ప్రశ్నకు కాంటాల నమూనా జవాబు చెప్పలేదు.

ప్రతి పద్ధతికీ ఒక గుడ్డి కోణం

పై మూడు చూపులలో ఏదీ అబద్ధం కాదు. కాని మొదటిది కాంటా కొనమంటుంది, రెండోది గిడ్డంగి చూడమంటుంది, మూడోది కోతల తేదీలపై రైతులతో మాట్లాడమంటుంది. ముందే ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్న పరిశోధకుడు తెలియకుండానే జవాబును కూడా ఎంచుకుంటున్నాడు. నా ఆందోళన ఇదే.

ఘటనానుక్రమ నమూనా తనకు ఇచ్చిన గోడల లోపలే చూస్తుంది. లారీ ఎప్పుడు వస్తుందన్నది బయటి నుంచి ఇచ్చిన అంకెగానే ఉంటుంది కాని దానికి కారణం వెతకదు. తెరపై ట్రాక్టర్లు కదిలే బొమ్మలు చూసేవారిని త్వరగా నమ్మిస్తాయి. ఒకే ఒక్క పరుగు ఫలితాన్ని పట్టికలో చూపే ప్రతిపాదనలు అంగీకరించదగినవి కావు. యాదృచ్ఛిక సంఖ్యలు మార్చి అనేక పరుగులు చేసి, ఫలితాల వ్యాప్తిని కూడా చూపాలి. పునరావృతాలు లేని క్షేత్ర ప్రయోగాన్ని మనం ఒప్పుకోము కదా, ఇదీ అంతే. విశ్వాస అంతరాన్ని సగానికి తగ్గించాలంటే పరుగులు నాలుగు రెట్లు కావాలన్నది గణాంక శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసినదే.

వ్యవస్థా గతి నమూనా నున్నని వక్రరేఖలు గీస్తుంది. ఆ నునుపు వెనుక సన్నకారు రైతు, కౌలు రైతు, పెద్ద రైతు అందరూ ఒకే నిల్వలో కలిసిపోతారు. కేంద్రంలో సగటు నిల్వ తగ్గినా చివరగా వచ్చే కౌలు రైతు నిరీక్షణ పెరిగి ఉండవచ్చు. ఆ అన్యాయం ఈ నమూనాలో కనిపించదు.

కర్తల ఆధారిత నమూనాకు ఆకలి ఎక్కువ. ప్రతి కర్తకూ నియమాలు, వాటికి పరామితులు కావాలి. పది సంవత్సరాల దత్తాంశం ఉన్నచోట పన్నెండు పరామితులను సవరించే స్వేచ్ఛ ఉంటే ఎటువంటి గతానికైనా నమూనాను సరిపెట్టవచ్చు. అలా సరిపెట్టినది భవిష్యత్తు గురించి ఏమీ చెప్పదు. నమూనాలోని నియమాలను మరొకరు చదివి తిరిగి నిర్మించగలిగేలా రాయడానికి ఫోల్కర్ గ్రిమ్ బృందం 2006లో ప్రతిపాదించిన ఓడిడి విధానం అంతర్జాతీయంగా వాడుకలో ఉంది. మన గ్రంథాలలోనూ దానిని తప్పనిసరి చేయడం మంచిది.

సంక్లిష్టమైన పద్ధతి ఎల్లప్పుడూ మేలైనది కూడా కాదు. అంటువ్యాధి వ్యాప్తిని కర్తల నమూనాతోనూ, సమీకరణాల నమూనాతోనూ పోల్చి రహ్మందాద్, స్టెర్మన్ 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. సంబంధాల వల దట్టంగా ఉన్నచోట రెండింటి మధ్య తేడా స్వల్పంగానూ, మనుషులు ప్రధానంగా తమ చుట్టుపక్కల వారితోనే కలిసే వలలలో తేడా ఎక్కువగానూ కనిపించింది. కాబట్టి ఊరిలో సమాచారం అందరికీ ఒకేసారి చేరుతోందా, గుంపులుగా పాకుతోందా అన్నది ముందు తెలుసుకుంటే, ఖరీదైన నమూనా అవసరమా కాదా అన్నది తేలుతుంది.

మూడింటినీ కలిపితే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఎనీలాజిక్ వంటి సాఫ్ట్‌వేర్‌లో మూడు పద్ధతులనూ ఒకే నమూనాలో కలపవచ్చు. అవసరమైన సందర్భాలూ ఉన్నాయి. కాని స్నాతకోత్తర విద్యార్థికి ఉన్న రెండేళ్ల వ్యవధిలో మూడింటికీ సరిపడే దత్తాంశం సేకరించడం దాదాపు అసాధ్యం. దత్తాంశం లేని భాగాన్ని ఊహతో నింపితే మొత్తం నమూనా బలం ఆ ఊహ బలమే. ఒకే పద్ధతిని లోతుగా వాడి, అది చూడలేని విషయాలను ఒక పుటలో నిజాయితీగా రాసిన గ్రంథం విస్తరణ కార్యకర్తకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

బోధనలో, క్షేత్రంలో చేయవలసినవి

ముందుగా బోధన సంగతి. అనుకరణ పాఠం సాఫ్ట్‌వేర్‌తో మొదలు కాకూడదు. ఫారెస్టర్ కర్మాగారపు చక్రాన్ని పెన్సిలుతో లెక్కించాడు, షెల్లింగ్ బల్ల మీద నాణేలు పరిచి ఆలోచించాడు. పైన చూపిన మూడు లెక్కలూ కాగితంపై చేయగలిగినవే. విద్యార్థి ముందుగా చేతితో ఇరవై ట్రాక్టర్ల రాకపోకల పట్టిక నింపాలి, ముప్పై రోజుల మిల్లు నిల్వను కూడాలి, పదిమంది రైతుల నిర్ణయాల గొలుసును గీయాలి. ఆ తరువాత సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫలితం తప్పైతే పట్టుకునే శక్తి వస్తుంది. ఎంఐటీలో రూపొందిన బీరు పంపిణీ ఆట సరఫరా గొలుసులో చిన్న మార్పు వెనుక అంచెలకు పోయేకొద్దీ ఎలా పెద్దదవుతుందో ఒక మధ్యాహ్నంలో నేర్పుతుంది. దానినే విత్తనాల పంపిణీ ఆటగా మార్చి తరగతిలో ఆడించవచ్చు.

రెండోది పరీక్షకుల బాధ్యత. నమూనాను కట్టిన సీజను దత్తాంశంతోనే దానిని సరిచూడటం పరీక్ష అనిపించుకోదు. వానాకాలం దత్తాంశంతో కట్టిన నమూనాను యాసంగి దత్తాంశంతో పరీక్షించాలి. కాంటా వద్ద పనిచేసే హమాలీ, కేంద్రం నిర్వాహకురాలు, లారీ డ్రైవరు నమూనా నడకను చూసి ‘ఇలాగే జరుగుతుంది’ అని ఒప్పుకోవాలి. వారు ఒప్పుకోని చోట నమూనాలో ఏదో లోపించింది.

మూడోది విస్తరణ శాస్త్రవేత్తల వంతు. నమూనా రాకముందే చేయగలిగిన పని ఒకటి ఉంది. ఒక్క కేంద్రాన్ని ఎంచుకొని, ఒక్క సీజనులో ప్రతి లోడుకూ ఐదు సమయాలు నమోదు చేయించాలి. కేంద్రానికి వచ్చిన సమయం, తేమ పరీక్ష జరిగిన సమయం, కాంటా ముగిసిన సమయం, లారీకి ఎక్కిన సమయం, మిల్లు వద్ద దించిన సమయం. రాకకూ కాంటాకూ మధ్య వ్యవధే ఎక్కువగా ఉండి, కాంటా తరువాత సరుకు వెంటనే కదులుతుంటే అది వరుస సమస్య. కాంటాకూ మిల్లు వద్ద దించడానికీ మధ్య వ్యవధి సీజను నడిచేకొద్దీ పెరుగుతూ పోతే అది నిల్వ సమస్య. ఈ వ్యవధులు మామూలుగానే ఉండి, రాకలే కొద్ది రోజులలో ఉప్పెనలా పడుతుంటే ముందుగా చూడవలసింది నిర్ణయాలను. మూడూ కొంత కొంత కలిసి ఉండటం సహజం. అయినా ఏది పెద్దదో ఆ పట్టిక చెబుతుంది.

ఈ ఐదు సమయాల పట్టికకు కావలసింది ఒక నోటుపుస్తకం, ఒక గడియారం, ఓపిక. అది చేతిలో ఉన్న విద్యార్థి పద్ధతిని ఎంచుకోవడానికి తికమక పడడు. అది లేకుండా ఎంచుకున్న పద్ధతి ఎంత ఆధునికమైనదైనా, దాని సిఫారసు రైతు ధాన్యపు రాశి మీద టార్పాలిన్ కప్పినంత మేలు కూడా చేయదని ఈ వ్యాసకర్త విశ్వాసం. రానున్న సీజనుకు ముందే మన కృషి విజ్ఞాన కేంద్రాలు, విస్తరణ విభాగాలు ఒక్కొక్క కేంద్రంతో ఈ పని మొదలుపెట్టడం మంచిది.